ఇంజిన్‌కు 2,000 గంటలు నిండితే విప్పాల్సిందేనా? చిన్న విమానాల ఓవర్‌హాల్ చిక్కుముడి

చిన్న విమానం అమ్మకానికి పెట్టిన ఏ ప్రకటన చూసినా, చివరి ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాత ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో రాసి ఉంటుంది. అది 300 అయితే కొనేవారికి ధైర్యం వస్తుంది. 1,900 అయితే బేరం గట్టిపడుతుంది. 2,100 అని కనిపిస్తే చాలామంది ఆ ప్రకటనను అక్కడితో వదిలేస్తారు. కానీ ఆ 2,100 గంటల ఇంజిన్ నిక్షేపంగా ఉండి, 300 గంటల ఇంజిన్‌ను లోపల తుప్పు తినేస్తూ ఉండడం వింతేమీ కాదు.

ఒకే ఇంజిన్‌తో ఎగిరే విమానంలో ఇది డబ్బుతో తేలిపోయే ప్రశ్న కాదు, ప్రాణాలతో ముడిపడినది. అందుకే యజమానులు, మెకానిక్‌లు, తయారీదారులు దశాబ్దాలుగా దీని మీద వాదించుకుంటున్నారు. ఆ వాదన అర్థం కావాలంటే ముందు ఆ అంకె పుట్టుక తెలియాలి.

## టీబీఓ అంటే ఏమిటి, ఏది కాదు

ఇన్ని గంటలు నడిచాక ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవి మార్చి మళ్లీ బిగించమని తయారీ సంస్థ ఒక గడువు సిఫారసు చేస్తుంది. రెండు ఓవర్‌హాల్‌ల నడుమ ఉండే ఈ గడువునే టీబీఓ అంటారు. శిక్షణ విమానాల్లో విరివిగా కనిపించే లైకమింగ్ ఓ-360 ఇంజిన్‌కు అది 2,000 గంటలు. తేలిక రకం విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 శ్రేణిలో ఇప్పుడు తయారవుతున్న ఇంజిన్‌లకు కూడా 2,000 గంటలే. గంటలతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. లైకమింగ్ 12 ఏళ్లు అంటుంది, రోటాక్స్ 15 అంటుంది. గంటలు, ఏళ్లు రెండింటిలో ఏది ముందు నిండితే అదే గడువు.

ఈ అంకె ప్రకృతి నియమం కాదు. రోటాక్స్ 912 గడువు మొదట్లో చాలా తక్కువగా ఉండేది. అనుభవం పోగుపడే కొద్దీ 1,200 అని, 1,500 అని పెంచుతూ 2,000కు తెచ్చారు. లైకమింగ్ సంగతి ఇంకా ఆసక్తికరం. నెలకు 40 గంటలు, అంతకు మించి ఎగిరే ఇంజిన్‌లకు మరో 200 గంటలు కలుపుకోవచ్చని ఆ సంస్థే తన సూచనల్లో చెబుతుంది. ఎక్కువగా వాడిన ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుందని తయారీదారే ఒప్పుకున్నట్టు! సైకిలు టైరు, చెప్పు అడుగు మనకు నేర్పిన అరుగుదల లెక్కకు ఇది పూర్తిగా ఎదురు. మిగతా చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో రెండు మాటలను కూడా జనం కలగలిపి వాడుతుంటారు. టాప్ ఓవర్‌హాల్ అంటే సిలిండర్లు మాత్రమే దించి బాగుచేయడం. పిస్టన్‌ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్, దాన్ని మోసే బేరింగులు ఉండే అడుగు భాగాన్ని అందులో ముట్టుకోరు. కాబట్టి టాప్ ఓవర్‌హాల్ చేయించినంత మాత్రాన గంటల లెక్క సున్నా నుంచి మొదలు కాదు. అసలు లాగ్‌బుక్‌ను సున్నాతో మొదలుపెట్టే అధికారం అమెరికా నిబంధనల ప్రకారం తయారీదారుకు, ఆ సంస్థ అనుమతి పొందిన కేంద్రానికి మాత్రమే ఉంది. దాన్ని రీబిల్డ్ అంటారు. బయటి వర్క్‌షాపు ఎంత నైపుణ్యంతో పూర్తి ఓవర్‌హాల్ చేసినా ఇంజిన్ మొత్తం జీవితపు గంటలు లాగ్‌బుక్‌లో కొనసాగుతూనే ఉండాలి.

## ఆ గంట ఎవరి గంట?

చిన్న విమానాల్లో సాధారణంగా రెండు రకాల మీటర్లు ఉంటాయి. హాబ్స్ మీటరు గడియారంలా నడుస్తుంది, ఇంజిన్ నడిచినంతసేపూ కాలాన్ని లెక్కిస్తుంది. ఇంజిన్ వేగం చూపే పాత తరహా టాకోమీటరులోని గంటల మీటరు అలా కాదు. అది లెక్కించేది ఇంజిన్ చుట్లను. ఉదాహరణకు నిమిషానికి 2,400 చుట్ల దగ్గర గంటకు గంట చూపేలా దాన్ని అమర్చారనుకుందాం. నేల మీద 1,200 చుట్లతో గంటసేపు నడిపితే అది చూపేది అరగంటే. ఒకే విమానం ఒక మీటరు ప్రకారం గడువు దాటి, మరో దాని ప్రకారం ఇంకా దాటకుండా ఉండవచ్చు. కొనేటప్పుడు ప్రకటనలోని గంటలు ఏ మీటరువో అడగడం మంచిది.

## వాడని ఇంజిన్ ముందుగా ఎందుకు చెడుతుంది

పెట్రోలు మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలుకు దాదాపు లీటరు నీరు. చాలామటుకు ఆవిరిగా పొగగొట్టం గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, మండగా మిగిలిన ఆమ్లాలతో కలిసి కిందనున్న ఆయిల్‌లో చేరుతుంది. విమానం గంటసేపు గాలిలో ఎగిరితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ ఆవిరైపోతుంది. వారాల తరబడి షెడ్డులో ఉంటే ఆ తేమ, ఆమ్లం లోపలే నిలిచి ఉక్కు భాగాల మీద పని మొదలుపెడతాయి.

లైకమింగ్ ఇంజిన్‌లలో దీనికి నిర్మాణపరమైన కారణం ఒకటి తోడవుతుంది. వాటిలో, సిలిండర్ వాల్వులను తెరిచే ఇరుసు అయిన క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజిన్ ఆగగానే దాని మీది ఆయిల్ మెల్లగా కిందికి కారిపోతుంది. పొడిబారిన ఆ ఉక్కు మీద సన్నని తుప్పు మచ్చ పడితే చాలు. మళ్లీ ఇంజిన్ నడిచినప్పుడు ఆ మచ్చ దగ్గర పైపొర పెచ్చులూడుతుంది. ఊడిన రజను ఆయిల్‌తో పాటు తిరుగుతూ మరిన్ని భాగాలను గీకుతుంది. కాంటినెంటల్ సంస్థ చిన్న ఇంజిన్‌లలో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు దిగువన ఉంటుంది కాబట్టి ఈ బెడద అక్కడ తక్కువ.

ఎగరడం కుదరని వారాల్లో పది నిమిషాలు నేల మీదే ఇంజిన్ నడిపి ఆపేసే అలవాటు చాలామంది యజమానులకు ఉంది. ప్రేమతో చేసే పనే, కానీ మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ కాసేపట్లో ఆయిల్ తేమను తరిమేంత వేడెక్కదు. కొత్త తేమ మాత్రం వచ్చి చేరుతుంది.

రోటాక్స్ 912 సంగతి కొంత వేరు. దాని సిలిండర్ తలలను నీరు చల్లబరుస్తుంది. ఇంజిన్ నిమిషానికి 5,500 చుట్లతో తిరిగితే గేరుబాక్సు ఆ వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గిస్తుంది. నీరు, ఇంధనం, ఆయిల్ మోసే రబ్బరు గొట్టాలు అందులో ఎన్నో. విమానం కదిలినా కదలకపోయినా రబ్బరు వయసు ఆగదు. అందుకే ప్రతి అయిదేళ్లకు గొట్టాలు, కార్బురేటర్‌ను పట్టి ఉంచే రబ్బరు భాగాల వంటివన్నీ మార్చాలని తయారీదారు చెబుతారు. టీబీఓ గురించి ఎంత వాదించినా ఈ రబ్బరు గడువును కాదనే మెకానిక్ కనిపించడు.

## మూడు విమానాలు, ఒకే గీత

ఒకే రకం లైకమింగ్ ఇంజిన్ ఉన్న మూడు విమానాలను ఊహించుకుందాం. ఒకటి శిక్షణ సంస్థది, ఏడాదికి 600 గంటలు ఎగురుతుంది. రెండోది నలుగురు మిత్రులు కలిసి కొన్నది, 150 గంటలు. మూడోది ఒక్కరిదే, 30 గంటలు.

శిక్షణ విమానానికి 2,000 గంటలు మూడేళ్ల నాలుగు నెలల్లో నిండుతాయి. నెలకు సగటున 50 గంటలు ఎగురుతుంది కాబట్టి తయారీదారు ఇచ్చిన 200 గంటల వెసులుబాటు కూడా దానికి వర్తిస్తుంది. నలుగురు మిత్రుల విమానానికి 12 ఏళ్లు నిండేసరికి 1,800 గంటలు అవుతాయి. ఒంటరి యజమాని విమానానికి అప్పటికి 360 గంటలే. 2,000 గంటలు నిండేదాకా ఆగితే 66 ఏళ్లు దాటిపోతాయి!

ఇప్పుడు డబ్బు సంగతి. చాలామంది ఓవర్‌హాల్ ఖర్చును గడువు గంటలతో భాగించి, ఎగిరిన ప్రతి గంటకూ ఆ భాగాన్ని పక్కన పెడతారు. ఓవర్‌హాల్ ఖర్చు 2,000 పాళ్లు అనుకుంటే గంటకు ఒక పాలు. 12 ఏళ్ల నాటికి మిత్రుల దగ్గర 1,800 పాళ్లు ఉంటాయి, 200 వెతుక్కోవాలి. ఒంటరి యజమాని దగ్గర 360 ఉంటాయి, 1,640 తక్కువ. ఆయనకు గంట లెక్క అక్కరకు రాదు. ఏడాదికి 167 పాళ్ల చొప్పున దాచి ఉంటే సరిపోయేది.

పన్నెండేళ్ల గీత దగ్గర నిలబడిన ఈ మూడో యజమానికి ఇంజిన్ కొత్తదిలాగే అనిపిస్తుంది. ముగ్గురిలో ఎక్కువ జాగ్రత్తపడాల్సిందీ ఆయనే. కానీ ఆ ఇంజిన్‌లో తుప్పు ఉందో లేదో గంటల మీటరు చెప్పదు, క్యాలెండరు కూడా చెప్పదు. లోపలికి చూడాలి.

## విప్పితే బాగుపడుతుందన్న నమ్మకం

యంత్రాన్ని ఎంత తరచుగా విప్పి సరిచూస్తే అంత నమ్మకంగా పనిచేస్తుందని మనకు లోలోపల ఒక భావన. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దానికి ఊహించని దెబ్బ తగిలింది. జర్మన్ జలాంతర్గాములను వెతికే బ్రిటిష్ కోస్టల్ కమాండ్ లిబరేటర్ విమానాల్లో చాలా భాగం ఎప్పుడు చూసినా మరమ్మతులోనే ఉండేవి. కారణం కనిపెట్టే పని చూసిన శాస్త్రవేత్తల్లో కాన్రాడ్ హాల్ వాడింగ్టన్ ఒకరు. ఆయన ఇంజినీరు కాదు, జీవశాస్త్రవేత్త. ప్రతి 50 గంటలకు జరిగే తనిఖీ తర్వాత ఏ గంటలో ఎన్ని లోపాలు బయటపడుతున్నాయో ఆ బృందం లెక్కగట్టింది. తనిఖీ దగ్గరపడే కొద్దీ లోపాలు పెరగాలి. జరిగింది తలకిందులుగా ఉంది. తనిఖీ ముగిసిన వెంటనే లోపాలు ఒక్కసారిగా ఎగబాకి, గంటలు గడిచే కొద్దీ తగ్గుతూ వచ్చాయి. చక్కగా పనిచేస్తున్న భాగాలను విప్పి బిగించడంలోనే కొత్త లోపాలు పుడుతున్నాయన్నమాట. తనిఖీల మధ్య ఎడం పెంచి, అనవసరంగా విప్పడం మానేశాక విమానాలు పనికొచ్చే గంటలు 60 శాతం పెరిగాయి.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు స్టాన్లీ నౌలాన్, హోవర్డ్ హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం ఒక నివేదిక రాశారు. విమాన భాగాల్లో వయసుతో పాటు వైఫల్యం స్పష్టంగా పెరిగేవి 11 శాతమేనని వారి లెక్కల్లో తేలింది. తక్కిన 89 శాతానికి వయసు గడువు పెట్టడం వల్ల ఒరిగేది కనిపించలేదు. పైగా 68 శాతం భాగాలు కొత్తగా అమర్చిన తొలి రోజుల్లోనే ఎక్కువగా పాడయ్యాయి.

గడువు దాటినా ఇంజిన్ స్థితిని బట్టే నిర్ణయించాలనే వారికి ఈ రెండు అధ్యయనాలే బలం. వారి తర్కం ఇది: కొత్తగా ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌లో తప్పుగా బిగించిన నట్టు, నాసిరకం భాగం, సరిగ్గా కూర్చోని రింగు ఉండే అవకాశం ఉంది. 2,000 గంటలు సాఫీగా నడిచిన ఇంజిన్ ఆ పరీక్షలన్నీ దాటి వచ్చింది. నిలకడ నిరూపించుకున్న దాన్ని విప్పి, నిరూపించుకోని దాన్ని తెచ్చుకోవడం ఎందుకు?

## గీత దాటవద్దనే వారి మాటలోనూ బరువుంది

ఎదుటి పక్షం వాదనను మొండితనమని కొట్టిపారేయడం అన్యాయం. వారి మొదటి ప్రశ్న ఆ అంకెల గురించే. విమానయాన సంస్థ దగ్గర వందల విమానాలుంటాయి, భాగం పాడైతే జట్టులోని రెండోది కాపు కాస్తుంది. ఒకే ఇంజిన్ ఉన్న రెండు సీట్ల విమానానికి ఆ వెసులుబాటు లేదు. జెట్ విమాన భాగాల లెక్కలను పిస్టన్ ఇంజిన్‌కు యథాతథంగా అంటగట్టకూడదన్నది సబబైన మాటే.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. గడువు దాటిన ఇంజిన్‌లు పెద్దగా ప్రమాదాలు చేయడం లేదని మొదటి పక్షం అంటుంది. నిజానికి గడువు దాకా వచ్చేవి అప్పటికే ఆరోగ్యంగా ఉన్నవి, తరచుగా ఎగిరేవి. బలహీనమైనవి దారిలోనే రాలిపోయాయి. పైగా దాటి ఎగిరేవి కొన్నే కాబట్టి ప్రమాదాల సంఖ్య కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. మిగిలినవాటిని చూసి మొత్తం గుంపు గురించి తీర్పు చెప్పడం గణితంలో పాత పొరపాటు.

మూడోది, లోహపు అలసట. క్రాంక్‌షాఫ్ట్‌లో పుట్టే సన్నని పగులు బయటినుంచి ఏ పరికరానికీ అందదు. పూర్తిగా విప్పి, అయస్కాంత పద్ధతిలో పరీక్షిస్తేనే బయటపడుతుంది. బయటి పరీక్షలన్నీ బాగున్నాయంటే చూడగలిగినంత మేరకు బాగున్నాయని మాత్రమే అర్థం.

నాకు మాత్రం మొదటి పక్షం వైపే కొంత మొగ్గు ఉంది, అయితే ఒక షరతుతో. వారి పద్ధతి నిరంతరం చూసే యజమానికే పనికొస్తుంది. గడువును పట్టించుకోకుండా, పరీక్షలు కూడా మానేసే యజమాని అనుసరిస్తున్నది ఆ పద్ధతి కానే కాదు.

## గంటలకు బదులు చూసేవి

సిలిండర్ బిగువును కొలిచే కంప్రెషన్ పరీక్ష వీటిలో పాతది. పిస్టన్‌ను పైకి తెచ్చి, సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలిచిందో చూస్తారు. 74 నిలిస్తే 80కి 74 అని రాస్తారు. నాలుగు సిలిండర్లలో నిరుడు 76, 75, 76, 73 వచ్చి, ఈసారి 76, 74, 75, 61 వచ్చాయనుకుందాం. నాలుగో దాన్ని వెంటనే దించేయాలా? ముందు ఒక గంట ఎగిరి, ఇంజిన్ వేడిగా ఉండగానే మళ్లీ కొలవాలి. వాల్వు అంచున చిక్కిన చిన్న మసి పలుకు ఊడిపోయి అంకె మామూలు స్థితికి రావచ్చు. రాకపోతే చెవి పెట్టి వినాలి. గాలి పొగగొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు కారుతోంది. కార్బురేటర్ వైపునుంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. రింగుల దగ్గర కొంత కారడం సహజం, దానికి తొందర లేదు. ఎగ్జాస్ట్ వాల్వు కారుతుంటే మాత్రం వాయిదా వేయకూడదు.

అప్పుడు బోరోస్కోప్ పని. స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి సన్నని కెమెరాను పంపి వాల్వు ముఖాన్ని ఫొటో తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు మీద మసి రంగులు గుండ్రంగా, మధ్యకు సమానంగా అమరి ఉంటాయి. ఆ వలయం ఒక పక్కకు ఒరిగి, అంచున ఒకచోట రంగు మారి కనిపిస్తే అక్కడ వాల్వు అతిగా కాలుతోందని గుర్తు. విరగడానికి చాలా ముందే ఈ సంకేతం అందుతుంది. తేలింది ఒక్క వాల్వే అయితే ఆ సిలిండర్ ఒక్కటి బాగుచేయించుకుంటే చాలు. సిలిండర్ దించడం కూడా చిన్న పని కాదన్నది గుర్తుండాలి. దాన్ని పట్టి ఉంచే పొడవాటి బోల్టులే ఇంజిన్ రెండు సగాలనూ కలిపి బిగిస్తాయి. అక్కడ బిగింపు తేడా వస్తే లోపలి బేరింగు కదిలి, లేని ప్రమాదం కొని తెచ్చుకున్నట్టవుతుంది.

మూడోది ఆయిల్. ప్రతిసారీ ఫిల్టరును కోసి, మడతలు విప్పి లోహపు రజను కోసం వెతుకుతారు. కంటికి కనిపించనంత సన్నని లోహాన్ని ప్రయోగశాల పదిలక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో లెక్కగట్టి చెబుతుంది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. 50 గంటలు వాడిన ఆయిల్‌లో ఇనుము 40 పాళ్లు, తర్వాత 25 గంటలు వాడిన దానిలో 30 పాళ్లు వచ్చాయనుకోండి. తగ్గిందని సంతోషించకూడదు. గంటకు చూస్తే 0.8 నుంచి 1.2కు పెరిగింది. మధ్యలో విమానం మూడు నెలలు కదలకుండా ఉందేమో కూడా చూడాలి. ఉంటే ఆ ఇనుము సిలిండర్ గోడలమీది పైపై తుప్పు కావచ్చు, తరచుగా ఎగిరితే వచ్చేసారికి తగ్గిపోతుంది. తగ్గకపోతే క్యామ్‌షాఫ్ట్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఒక్క నివేదిక చెప్పేది కొంచెమే. వరుసగా నాలుగయిదు పెట్టుకుని చూస్తేనే కథ తెలుస్తుంది.

వీటన్నిటికీ తోడు పైలట్ చెవి. ఉదయం చల్లని ఇంజిన్ మొదలుపెట్టగానే కాసేపు ఒక సిలిండర్ పట్టు తప్పినట్టు వణికి, తర్వాత సర్దుకుంటే పైలట్లు దాన్ని మార్నింగ్ సిక్‌నెస్ అంటారు. ఎగ్జాస్ట్ వాల్వు తన గొట్టంలో ఇరుక్కుంటోందని అర్థం. సర్దుకుంది కదా అని వదిలేస్తే ఏదో ఒకరోజు అది గాలిలో ఇరుక్కుంటుంది.

## చట్టం ఏమంటుంది

దేశాన్ని బట్టి, వాడకాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికాలో సొంతానికి ఎగిరే సాధారణ ధ్రువీకృత విమానానికి టీబీఓ సిఫారసు మాత్రమే. ఏటా జరిగే తనిఖీలో ఇంజిన్ యోగ్యంగా ఉందని తేలితే 2,000 దాటినా ఎగరవచ్చు. కిరాయికి ప్రయాణికులను తిప్పే విమానానికి ఆ స్వేచ్ఛ లేదు. ఐరోపాలో 2020 మార్చి నుంచి అమలైన పార్ట్-ఎంఎల్ నిబంధనలు చిన్న విమాన యజమానికి తన నిర్వహణ కార్యక్రమాన్ని తానే ప్రకటించుకునే వీలు కల్పించాయి. తయారీదారు సిఫారసుల నుంచి పక్కకు జరిగే స్వేచ్ఛ అందులో ఉంది, ఆ నిర్ణయానికి బాధ్యత కూడా యజమాని సంతకం కిందే ఉంది. కొన్ని తేలిక తరగతుల్లో తయారీదారు రాసిన నిర్వహణ పుస్తకమే నియమం అవుతుంది. కాబట్టి ఇంజిన్ పేరు చూసి సరిపెట్టుకోకుండా, విమానం ఏ తరగతి కింద నమోదైందో చూడాలి.

గంటలతో సంబంధం లేకుండా, ఏ పక్షమూ వాదించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నడుస్తున్న ప్రొపెల్లర్ నేలకో మరో గట్టి వస్తువుకో తగిలితే, దెబ్బ చిన్నదిగా కనిపించినా క్రాంక్‌షాఫ్ట్ కోసం ఇంజిన్ విప్పి చూడాలి. ఫిల్టరులో పెచ్చులుగా లోహం కనిపిస్తే ఎగరడం ఆగిపోవాలి. ఆయిల్ ఒత్తిడి పూర్తిగా పడిపోయాక కూడా నడిచిన ఇంజిన్‌కు తర్వాత ఎంత మంచి కంప్రెషన్ అంకెలు వచ్చినా, బేరింగులు చూసేదాకా అది నేల మీదే ఉంటుంది.